దత్తాత్రి చూడని బొంబాయి

ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో బొంబాయికి పనికి పోయి వచ్చినవాళ్లు ఇంటికి ఒకరుండేవారు. వాళ్లు చెప్పేది వినడానికి మాత్రం ఎవరికీ తీరిక ఉండేది కాదు. వాళ్లు కట్టిన మేడల గురించి చెప్పేవారు, మోసిన ఇటుకల గురించి చెప్పేవారు. ఇటుకలు ఆర్మూర్‌లోనూ ఉన్నాయి. జనానికి కావలసింది ఇంకో బొంబాయి. క్రికెట్ ఆడే బొంబాయి, పొద్దు గూకాక తెల్లవారే బొంబాయి, పాటల బొంబాయి, నాటకాల బొంబాయి. అది ఊరు మొత్తమ్మీద ఒక్క దత్తాత్రి దగ్గరే దొరికేది.

దత్తాత్రి పసుపు మార్కెట్లో కాశీనాథ్ సేటు అడ్తి దుకాణంలో గుమస్తా. రైతులు తెచ్చిన పసుపును కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం అది. సేటు అతనికి దూరపు చుట్టం, వరసకు అన్న. ఇంట్లో అన్న, దుకాణంలో సేటు. సెలవు అడిగినప్పుడు మాత్రం ఆ రెండూ కాక మూడో మనిషెవరో అయ్యేవాడు. దత్తాత్రి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ పసుపు దుమ్ముతో పెళ్లికొడుకులా ఉండేవాడు. ముప్ఫై ఏళ్లు వచ్చేదాకా నలుగురిలో నోరు విప్పిన దాఖలా లేదు.

ఎనభై నాలుగులో బొంబాయి మసీద్ బందర్‌లో ఒక మసాలా వ్యాపారి ఆర్మూర్ పసుపు మచ్చు చూడాలన్నాడు. నిజానికి పోవలసింది కాశీనాథ్. కానీ మన్మాడ్‌లో రైలు మారాలని ఎవరో చెప్పేసరికి ఆయనకు హఠాత్తుగా నడుము నొప్పి వచ్చింది. పసుపు కొమ్ములు నింపిన రెండు గుడ్డ సంచులిచ్చి దత్తాత్రిని పంపించాడు.

దత్తాత్రి దారిలో ఒక ముసలమ్మ గంపలోంచి నాలుగు ఆలుగడ్డ వడలు కొనుక్కుని తిన్నాడు. బొంబాయిలో దిగేసరికి వాటి ప్రభావం మొదలైంది. వ్యాపారి మంచివాడు. మనిషి అవస్థ చూసి తన గోదాంలోనే మిరియాల బస్తాల మీద పక్క వేయించాడు. ఉన్నన్నాళ్లూ దత్తాత్రి చూసిన బొంబాయి రెండు భాగాలు. ఒకటి గోదాం కప్పు. రెండోది గోదాం వెనక పాయఖానా. ఒకదాన్నుంచి ఇంకోదానికి పోయేటప్పుడు నెత్తిమీద కొంచెం ఆకాశం కనిపించేది. అది ఆర్మూర్ ఆకాశంలాగే ఉండింది. మిరియాల ఘాటుకు తుమ్మి తుమ్మి, మజ్జిగన్నం తిని, కాస్త లేచి నిలబడగలిగిన రోజునే రైలెక్కి వచ్చేశాడు.

బస్టాండు పక్క చాయ్ హోటల్లో నలుగురు అతన్ని ఆపి కుర్చీ జరిపారు.

"ఏం దత్తాత్రి, బొంబాయి చూసి వస్తివి. ఎట్లున్నది?"

ఉన్నదున్నట్టు చెబితే సరిపోయేది. కానీ నలుగురు తన కోసం కుర్చీ జరపడం అతని జీవితంలో అదే మొదటిసారి. పైగా చాయ్ కూడా వాళ్లే చెప్పారు. ఒకరి చాయ్ తాగి పాయఖానా గురించి చెప్పడానికి మనసొప్పలేదు.

"ఏం చెప్పాలె," అన్నాడు కళ్లు మూసుకుని. "చెప్తే సమజయ్యేది కాదు."

ఆ ఒక్క మాటతో బొంబాయి అతనిదైపోయింది.

ఆ తర్వాత ప్రతి సాయంత్రం దాన్ని కొంచెం కొంచెంగా కట్టుకుంటూ పోయాడు. వాంఖడే స్టేడియం ఎంత పెద్దదంటే, చివరి వరసలో కూర్చున్నవాడికి అవుటైంది ఎవరో తెల్లారి పేపర్లో చూస్తేగాని తెలియదు. రాత్రి హోటళ్లలో దీపాలు నీలంగా వెలుగుతాయి, ఒకామె ఇంగ్లీషులో పాడుతుంటే తాగనివాడికి కూడా నిషా ఎక్కుతుంది. ఇక కళలంటారా, అక్కడ రైల్లో అడుక్కునేవాడు సైతం తాళం తప్పడు. పేపర్లో చూసిన బొమ్మలు, రేడియోలో విన్న కామెంటరీ, మసాలా వ్యాపారి హమాలీలు పక్కన కూర్చుని చెప్పుకున్న ముచ్చట్లు, అన్నీ కలిపి దంచేవాడు. మేలు రకంలో నాసిరకం కలిపి అమ్మడం మార్కెట్లో కొత్తేమీ కాదు. దత్తాత్రి దగ్గర మాత్రం మేలు రకం అసలు లేనే లేదు. అయినా సరుకు పోయేది.

బొంబాయి పోయేవాళ్లు ముందుగా అతన్ని కలిసి పోవడం ఆనవాయితీ అయింది. పోయి వచ్చినవాళ్లయినా గుట్టు బయటపెట్టాలి కదా? పెట్టలేదు. ఇనుప సామాన్ల దుకాణం ఆయన పోయి వారం రోజులు ఉండి వచ్చాడు. దత్తాత్రి చెప్పిన నీలం దీపాల హోటలు కోసం కాళ్లరిగేలా తిరిగినట్టు ఆయన చెప్పుల్ని చూస్తే తెలిసేది. చాయ్ హోటల్లో అడిగితే మాత్రం, "ఔ, దత్తాత్రి చెప్పినట్లే ఉన్నది. ఇంక జర ఎక్కువనే ఉన్నది," అన్నాడు. లేదంటే తనకు దొరకలేదని ఒప్పుకోవాలి. బొంబాయి దాకా పోయి బొంబాయి దొరకనివాడు ఆర్మూర్‌లో ఏ మొహం పెట్టుకుని తిరుగుతాడు? అలా ఒక్కొక్కరే పోయి, దత్తాత్రి అబద్ధానికి తలా ఒక సాక్ష్యం తెచ్చి ఇచ్చారు. కొన్నేళ్లకు దత్తాత్రికే కొంచెం నమ్మకం కుదిరింది.

నమ్మనిది అతని భార్య వసుమతి ఒక్కతే. ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు.

"గంత పెద్ద స్టేడియం చూసిన కండ్లకు మనింట్ల చేదబాయి తాడు తెగింది కనబడ్తలేదా?" అనేది. దత్తాత్రి చెప్పులేసుకుని చాయ్ హోటల్‌కు పోయేవాడు.

తొంభైలో కార్తీకం వెళ్లాక, కొత్త పసుపు ఇంకా భూమిలోనే ఉండగా, మార్కెట్ ఖాళీగా ఉన్న రోజుల్లో కాశీనాథ్‌కు ఒక ఆలోచన వచ్చింది. దుకాణంలో ఆయనతోపాటు నడిపయ్య కూర్చుని ఉన్నాడు. నడిపయ్యది ముప్కాల్. పసుపు, మక్కజొన్న పండించే పెద్ద రైతు. ఏటా సరుకు కాశీనాథ్‌కే వేస్తాడు. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి అనుమానం ఎంతో, స్నేహం అంత.

"ఎన్నేండ్లు ఇనుడు?" అన్నాడు కాశీనాథ్. "పోదాం నడిపన్న. దత్తాత్రి ఉండనే ఉన్నడు. అన్ని చూపిస్తడు."

దత్తాత్రి చేతిలో కలం ఆగిపోయింది.

"ఇప్పుడు చలి ఎక్కువ ఉంటది సేటు," అన్నాడు.

"బొంబాయిల చలి ఉండదని నువ్వే చెప్తివి గద?"

"వాన..."

"ఇప్పుడేం వాన?"

"మా అత్తకు పానం మంచిగ లేదు."

"మీ అత్త నిన్న మా ఇంట్ల అప్పాలు తిన్నది," అన్నాడు కాశీనాథ్. టికెట్లు చేయించమన్నాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర కాశీనాథ్ భార్య కాంతమ్మ తనూ వస్తానంది. ఆమె నలభై దాటిన మనిషి. పెళ్లయి ఆర్మూర్ వచ్చినప్పటి నుంచి వంటిల్లు, దేవుడి గది, మార్కెట్ వీధి తప్ప వేరే చోటికి పోయింది తక్కువ.

"నువ్వా? నీకు బొంబాయి ఏం సమజైతది?"

"మహాలక్ష్మికి మొక్కు ఉన్నది."

"ఎప్పటి మొక్కు?"

"మీకు నడుము నొస్తున్నదని మొక్కిన. ఎనభై నాలుగుల," అంది కాంతమ్మ. కాశీనాథ్ ఇంకో టికెట్ చెప్పించాడు. తన నడుం కోసం మొక్కిన మొక్కు. కాదంటే ఆ నొప్పి సంగతి కూడా మాట్లాడుకోవలసి వస్తుంది.

అలా ఇద్దరు పెద్దమనుషులు, ఒక ఇల్లాలు, ఒక గైడు నిజామాబాద్‌లో రైలెక్కి, మన్మాడ్‌లో మారి, మర్నాడు విటి స్టేషన్లో దిగారు. జనం గోదారి వరదలా వస్తున్నారు. కాశీనాథ్, నడిపయ్య తమ సంచులు గుండెకు హత్తుకుని దత్తాత్రి వైపు చూశారు. దత్తాత్రి గొంతు సవరించుకుని, "గిట్ల రాండ్రి," అని ధీమాగా ఎడమ చేతికి తిప్పాడు. అందరూ అతని వెనకే నడిచి పార్సిల్ ఆఫీసులోకి పోయారు. అక్కడ బుట్టలు, చేపల వాసన, ఒక మేక ఉన్నాయి.

"ఇదేంది దత్తాత్రి?" అన్నాడు నడిపయ్య.

"ఇది... మొత్తం మార్చేసిండ్రు," అన్నాడు దత్తాత్రి.

అప్పుడు కాంతమ్మ ముసుగు సర్దుకుని, అటుగా పోతున్న ఒక హమాలీని ఆపి గడగడా మరాఠీలో ఏదో అడిగింది. అతను నవ్వుతూ దారి చూపించాడు. ఆమె ముందు నడిచింది. కాశీనాథ్ నోరు తెరిచి చూశాడు.

"నీకు మరాఠీ వస్తదా?"

"ధర్మాబాద్‌ల పుట్టినోళ్లకు రాకుంటే ఎట్ల? తెలుగు, మరాఠీ రెండూ ఉగ్గుతోనే పోస్తరు."

"ఇన్నేండ్ల సంది చెప్పలే?"

"మీరు అడగలే."

మసీద్ బందర్ దగ్గర ఒక లాడ్జిలో గదులు కూడా ఆమే మాట్లాడింది. దత్తాత్రి సంచులు మోశాడు.

మొదటి రోజు ఆటలు. వాంఖడే స్టేడియానికి పోయేసరికి గేటుకు తాళం ఉంది. ఆ రోజు ఆట లేదు. ఆట లేని రోజులు కూడా ఉంటాయన్న సంగతి దత్తాత్రి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. అతనికీ తట్టలేదు.

"ఇయ్యాల సెలవు," అన్నాడు.

"ఆటకు సెలవేందయ్యా? ఆటనే సెలవుల ఆడుతరు గద!" అన్నాడు నడిపయ్య.

గేటు సందులోంచి ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా లోపలికి చూశారు. కొంచెం గడ్డి కనిపించింది. నడిపయ్య చాలాసేపు చూసి, రైతు కాబట్టి రైతు మాటే అన్నాడు. "పచ్చగనే ఉన్నది. మా మక్క చేను ఇంతకంటే పచ్చగుంటది. దానికి గింత గోడ కట్టలే నేను."

కాంతమ్మ కావలివాడిని అడిగితే, ఆట చూడాలంటే విటి ఎదురుగా ఆజాద్ మైదానానికి పొమ్మన్నాడు. అక్కడ ఆట ఉంది. ఒకటి కాదు, లెక్కలేనన్ని. ఒకే మైదానంలో ఒకదాని మీద ఒకటిగా ఇరవై ముప్ఫై మ్యాచ్‌లు ఆడుతున్నారు. ఒక మ్యాచ్‌లో ఫీల్డింగ్ చేసేవాడి వీపుకు ఇంకో మ్యాచ్ వికెట్లు ఆనుతున్నాయి. అందరూ తెల్లబట్టలే. ఎవరు ఎవరి తరఫో దేవుడికే తెలియాలి. ఎవడో పరుగెత్తుతాడు, ఇంకెక్కడో చప్పట్లు పడతాయి.

"ఇండ్ల మన మ్యాచ్ ఏది దత్తాత్రి?" అని అడిగాడు కాశీనాథ్, దేశం మొత్తానికి ఒకటే మ్యాచ్ ఉంటుందన్న నమ్మకంతో. బాగా కనిపిస్తుందని నాలుగడుగులు ముందుకు వేసి నిలబడ్డాడు. ఆయన నిలబడ్డ చోటు మూడు మ్యాచ్‌ల సరిహద్దు. దత్తాత్రి జవాబు వెతుక్కునేలోపే ఎక్కడి నుంచో ఒక బంతి వచ్చి సేటు మోకాలి కింద ఎముకకు తగిలింది.

కాశీనాథ్ కూలబడ్డాడు. ఒక ఆటగాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. సేటు అతని వైపు దయగా చూశాడు, క్షమాపణ చెబితే క్షమిద్దామని. ఆటగాడు సేటు కాలి దగ్గర నుంచి బంతి తీసుకుని విసిరేసి, వచ్చిన దారినే పోయాడు. ఆర్మూర్ మార్కెట్లో కాశీనాథ్ కాలికి గోనె తగిలితే నలుగురు హమాలీలు "సేటు, సేటు" అని లేస్తారు. ఇక్కడ ఆయన కాలు బౌండరీ అయింది, అంతే.

కాలు వాచింది. కాంతమ్మ లాడ్జి కింద కిరాణా దుకాణంలో చిన్న పొట్లం పసుపు కొనుక్కొచ్చి, వేడినీళ్లలో కలిపి పట్టు వేసింది. కాశీనాథ్ ఆ నొప్పిలోనే పొట్లం అందుకుని వాసన చూసి, వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"కల్తీ సరుకు," అన్నాడు మూలుగుతూ. "ఎవడు అమ్ముతున్నడో గని, ఉద్ధరిస్తున్నడు."

పక్క వీధిలోనే ఆయన దగ్గర పసుపు కొనే మసాలా వ్యాపారి గోదాం ఉంది. దత్తాత్రి ఆ మాట అనలేదు.

మరునాడు సాయంత్రం నైట్ లైఫ్. కాశీనాథ్ కుంటుతూనే బయలుదేరాడు. అది చూడకుండా పోతే వచ్చింది దండగ అని ఆయన అభిప్రాయం. కాంతమ్మను గదిలో ఉండమన్నారు. ఆమె ఉంటానంది, ఎక్కడికని కూడా అడగలేదు. దత్తాత్రి ఒక టాక్సీవాడికి చెవిలో ఏదో చెప్పాడు. టాక్సీవాడు తనకు నచ్చిన చోటికి తీసుకుపోయి దింపాడు.

హోటలు తలుపు దగ్గర తలపాగా, మెలి తిప్పిన మీసం, భుజాల మీద బంగారు కుచ్చులతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. కాశీనాథ్ ఆయన్నే యజమాని అనుకుని రెండు చేతులెత్తి నమస్కరించాడు. నడిపయ్య వంగి నమస్కరించాడు. ఆ మనిషి తలుపు తీశాడు. అంత పెద్దమనిషి తమ కోసం స్వయంగా తలుపు తీయడం చూసి ఇద్దరికీ కడుపు నిండిపోయింది.

లోపల చీకటి. టేబుల్ మీద ఒక కొవ్వొత్తి.

"కరెంటు పోయినట్లున్నది," అన్నాడు నడిపయ్య. "మన ఊర్లనే అనుకున్న. ఈడ గూడ ఇదే తిప్పల."

"కరెంటు ఉన్నది నడిపన్న. గిట్లనే ఉంచుతరు," అన్నాడు దత్తాత్రి.

"ఉండి దీపాలెందుకు ఎలిగిస్తలేరు?"

కొంచెంసేపటికి కోటు వేసుకున్న ఒక నడివయసు మనిషి వచ్చి, మైకు పట్టుకుని, కళ్లు మూసుకుని ఇంగ్లీషులో ఒక పాట పాడాడు. పాడేది ఆడమనిషి కాదు. దీపాలు నీలంగా లేవు. నడిపయ్య ఆ పాడే మనిషిని జాలిగా చూసి, "పాపం, ఏం కష్టమొచ్చిందో," అన్నాడు. బేరర్ వచ్చి ఏం కావాలని అడిగితే ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నిమ్మకాయ సోడా చెప్పారు. దానితోపాటు గాజు గిన్నెలో వేయించిన పల్లీలు వచ్చాయి. రెండో పాట అయ్యేసరికి కాశీనాథ్ తల ఛాతీ మీదకు వాలింది. ఆర్మూర్‌లో ఆయన ఎనిమిదిన్నరకు పడుకునే మనిషి. గురక మైకు దాకా వినిపించింది. పాడే ఆయన ఒక కన్ను తెరిచి చూశాడు.

అదీ బొంబాయి రాత్రి. వాళ్లు లాడ్జికి తిరిగొచ్చేసరికి వీధిలో పిల్లలు ఇంకా గోలీలాడుకుంటున్నారు. కాంతమ్మ లాడ్జి యజమాని భార్యతో కింద అరుగు మీద కూర్చుని, చెరొక చెరకు ముక్క నములుతూ పకపకా నవ్వుతోంది.

మూడో రోజు కాశీనాథ్ లేవలేదు. కాలు నొప్పి, తల నొప్పి. నడిపయ్య ఆయనకు తోడుగా పేకముక్కలు తీసి కూర్చున్నాడు. కాంతమ్మను మహాలక్ష్మి గుడికి తీసుకుపొమ్మని దత్తాత్రికి చెప్పారు. గుడిలో దర్శనం తొందరగానే అయింది. మెట్లు దిగుతూ కాంతమ్మ, "మొక్కు తీరింది. ఇగ నాటకానికి పోదాం," అంది.

"నాటకమా వదినె? సేటుకు తెలిస్తే?"

"నేను చెప్త. నువ్వు ఫికర్ చెయ్యకు. మొదటి రోజు టాక్సీలకెల్లి గోడ మీద కాగితం చూసిన. గిర్గావ్‌ల మూడున్నరకు ఆట. తోవ గూడ అరుసుకున్న."

చిన్నప్పుడు ధర్మాబాద్‌కు నాటకాల కంపెనీ వచ్చేదట. గుడారం వేసి నెల రోజులు ఆడేవారట. కాంతమ్మ ప్రతి నాటకం రెండుసార్లు చూసేదట. పెళ్లయ్యాక ఒక్కటీ లేదు. ఆర్మూర్‌లో తనకు ఎవరూ అడ్డుపడలేదని ఆమే అంది. నాటకాలు ఉంటే కదా అడ్డుపడటానికి.

నాటకం కథ చిన్నది. రెండు గదుల ఇంట్లోకి చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి దిగుతారు. ఎవరూ పోరు. ఇంటాయన మొహమాటస్తుడు, ప్రతి ఒక్కరికీ ఉండమనే చెబుతాడు. ఇంటావిడ మాట్లాడకుండా వండి పెడుతూ ఉంటుంది. దత్తాత్రికి మరాఠీ మాటలు సగం తెలిసీ సగం తెలియకా ఉన్నాయి. కాంతమ్మ మెల్లగా చెవిలో చెబుతోంది. తర్వాత చెప్పడం మానేసింది. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆఖరికి ఇంటావిడ చుట్టాలందరినీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరికీ ఏ కూర ఇష్టమో, ఎవరికి ఉప్పు తక్కువ కావాలో, ఎవరు రాత్రి దగ్గుతారో అన్నీ చెప్పి, చివరికి, "ఇప్పుడు మీలో ఎవరైనా నాకేమిష్టమో చెప్పండి," అంటుంది. రంగం మీద ఎవరూ మాట్లాడరు. దత్తాత్రి పక్కకు చూశాడు. కాంతమ్మ నవ్వడం లేదు. అతనూ కళ్లు తుడుచుకున్నాడు. ఎందుకో అతనికి తెలియలేదు. తన ఇంట్లో వసుమతికి ఏ కూర ఇష్టమో గుర్తు చేసుకోబోయాడు, గుర్తు రాలేదు.

బయటికొచ్చాక ఇద్దరూ చాయ్ తాగారు.

"నువ్వు ముందుగాల వచ్చినప్పుడు ఏం చూడలేదు గద?" అంది కాంతమ్మ మామూలుగా.

దత్తాత్రి చాయ్ కప్పు కింద పెట్టేశాడు.

"పార్సిల్ ఆఫీసుల మేక ముంగట నిలబెట్టినప్పుడే తెలిసిపోయింది."

"సేటుకు చెప్తరా వదినె?"

"ఆయన అడిగితే కద," అంది ఆమె.

ఆర్మూర్ వచ్చారు. బస్టాండు పక్క చాయ్ హోటల్లో కుర్చీ జరిపారు. కానీ ఈసారి దత్తాత్రి కోసం కాదు. కాశీనాథ్ ఆ కుర్చీలో కూర్చుని, కాలు కొంచెం చాపుకుని, కళ్లు మూసుకున్నాడు.

"ఏం చెప్పాలె," అన్నాడు.

ఆ తర్వాత ఆయన చెప్పింది వింటే దత్తాత్రికే దిమ్మ తిరిగింది. మొదటి వారం ఆ బంతి సేటు కాలికి తగిలింది. రెండో వారం సేటు కాలితో ఆపాడు. సంక్రాంతి దాటేసరికి చేత్తో పట్టుకున్నాడు, అవతలివాళ్లు వచ్చి చేయి కలిపి, "మా టీంల ఆడుతవా?" అని అడిగారు. పసుపు సీజను ఉందని తనే కాదన్నాడు. హోటల్లో యజమాని స్వయంగా తలుపు తీశాడు. పాడినాయన సేటు కోసమే రెండో పాట పాడాడు. నడిపయ్య పక్కనే కూర్చుని ప్రతిదానికీ తల ఊపేవాడు. "నేను కండ్లార చూసిన," అనేవాడు. ముప్కాల్ పోయి ఆయన చెప్పుకునే కథలో బంతి పట్టింది నడిపయ్యే అని తర్వాత తెలిసింది.

దత్తాత్రి ఒక సాయంత్రం ధైర్యం చేసి, తను చూసిన నాటకం గురించి చెప్పబోయాడు. రెండు గదుల ఇల్లు, చుట్టాలు, ఆ ఇల్లాలు. మనిషి తడబడుతున్నాడు. కల్పించేటప్పుడు గోదారిలా పారిన నోరు, చూసింది చెప్పబోతే మాట మాటకీ ఆగుతోంది.

"చుట్టాలు వచ్చి పోకుంట కూసునుడు చూడనీకి బొంబాయి పోవాల్నా?" అన్నాడు ఇనుప సామాన్ల ఆయన. "మా ఇంటికి రా, రోజూ చూపిస్త."

అందరూ నవ్వారు. దత్తాత్రి పని అయిపోయిందన్నారు. సేటు పేరు చూసి కడుపుమంట అని కూడా అన్నారు. ఆరేళ్లు అబద్ధం చెప్పినన్నాళ్లూ చాయ్ పోయించిన ఊరు, నిజం చెప్పిన మొదటి రోజున అతని చాయ్ పైసలు అతన్నే ఇచ్చుకోమంది. అతను ఇంటికి తొందరగా రావడం మొదలుపెట్టాడు. చేదబాయికి కొత్త తాడు కట్టాడు. ఒకరోజు వసుమతిని, "నీకు ఏం కూర ఇష్టం?" అని అడిగాడు. ఆమె గరిటె పక్కన పెట్టి, అతని నుదురు ముట్టి చూసి, "జరమొచ్చిందా?" అంది. తర్వాత చాలాసేపటికి, పడుకునే ముందు, "చింతచిగురు," అంది.

కాంతమ్మ మాత్రం ఊరుకోలేదు. ఆమె ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. పేరంటాల్లో, పసుపు బొట్టుకు వచ్చిన ఆడవాళ్లకు ఆ నాటకం మొత్తం ఆడి చూపించేది. చుట్టాల దగ్గు ఒక్కొక్కటి ఒక్కో రకంగా దగ్గేది. మార్కెట్ వీధి ఆడవాళ్లు బొట్టు పెట్టించుకోవడం మరిచిపోయి వినేవారు. మరుసటి ఏడాది మళ్లీ పసుపు భూమిలో ఉన్న రోజుల్లో, ఆరుగురు ఆడవాళ్లు బొంబాయి పోతామన్నారు.

ఇళ్లల్లో గొడవ కావలసిందే. కాలేదు. "గంత మంచి పట్నం అని మీరే చెప్పబడితిరి గద ఏడాది సంది? మిమ్ములను చూసి హోటలు యజమానే తలుపు తీసిండంటిరి. మాకేం భయం?" అంది కాంతమ్మ భర్తతో. కాశీనాథ్ ఆలోచించాడు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెబితే బంతి మళ్లీ కాలి మీదకు వస్తుంది.

"తోడు దత్తాత్రిని తోల్కపోండ్రి," అన్నాడు.

అలా దత్తాత్రి నిజంగానే గైడయ్యాడు. ఆరుగురి సంచులు మోసే గైడు. దారి కాంతమ్మది, బేరం కాంతమ్మది, ఎక్కడ దిగాలో ఎప్పుడు తినాలో అంతా ఆమెదే. అతని పని టికెట్లు జాగ్రత్తగా పట్టుకోవడం. ఆ ఆరుగురిలో వసుమతి కూడా ఉంది. నాటకం చూశారు, సముద్రం చూశారు. మూడో రోజు పొద్దున, రైలుకు ఇంకా పొద్దుండటంతో, ఆజాద్ మైదానం అంచున చెట్టు నీడలో కూర్చున్నారు.

అన్ని మ్యాచ్‌లూ జరుగుతున్నాయి. వసుమతి కొంతసేపు చూసింది.

"గా తెల్లకోటాయన ఎవరు? ఎందుకు ఏలు ఎత్తిండు?"

దత్తాత్రికి నోటి దాకా వచ్చింది. ఇదివరకైతే ఆ వేలు మీద గంటసేపు చెప్పేవాడు.

"తెల్వదు," అన్నాడు.

"వీళ్లు వాళ్లకు ఎదురా, గా పక్కోళ్లకా?"

"గది గూడ తెల్వదు."

వసుమతి అతని వైపు ఒకసారి చూసింది. తర్వాత లేచి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, తిన్నగా మైదానంలోకి నడిచిపోయింది. దత్తాత్రి "ఓ వసుమతీ, బాల్ తగుల్తది!" అని వెనక నుంచి కేకేశాడు. ఆ తెలుగు కేక విని తెల్లకోటాయన తల తిప్పాడు. ఆయనకు అరవై ఏళ్లుంటాయి. తాతల కాలంలో జగిత్యాల వైపు నుంచి మిల్లులో పనికి వచ్చిన నేతపనివాళ్ల కుటుంబం. పరేల్‌లో పుట్టి పెరిగినా ఇంట్లో తెలుగే.

"ఏ ఊరు అక్కా మీది?" అన్నాడు ఆట ఆపకుండానే.

"ఆర్మూర్. నువ్వెందుకు ఏలెత్తినవ్ చెప్పు ముందుగాల."

"ఓవర్ అయినంక చెప్త. జర పక్కకు నిలబడు, మస్తు గట్టిగ కొడ్తడు వీడు."

ఆమె పక్కకు జరిగింది. ఓవర్ అయ్యాక ఆయన వచ్చి, చేతులు తిప్పుతూ, వంగి నేల మీద గీతలు గీస్తూ చెప్పాడు. వసుమతి నడుం మీద చేయి పెట్టుకుని విని, రెండు ప్రశ్నలు ఎదురు అడిగి తిరిగొచ్చింది. గడ్డిలో దత్తాత్రి పక్కన కూలబడి, పల్లీల పొట్లం విప్పింది.

"గిటు జూడు," అంది. "గా మూడు కట్టెలున్నయ్ గదా..."

మిగతా అయిదుగురూ దగ్గరికి జరిగి కూర్చున్నారు. దత్తాత్రి సంచులు ఒళ్లో పెట్టుకుని, ఆమె చూపించిన వైపు చూస్తూ విన్నాడు.